‘నాకెందుకు చెప్పనేదురా?’

ప్రశ్న:

అమ్మా, నా వయసు 43. గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సెక్షన్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. పెళ్ళయిన మూడేళ్ళకే విడిపోయాం. అది జరిగి తొమ్మిదేళ్ళు. అమ్మ 2021లో కోవిడ్‌తో పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే. రెండేళ్ళ క్రితం మనిషంత సిలికాన్ బొమ్మ ఒకటి తెప్పించుకున్నాను. ఎందుకు తెప్పించుకున్నానో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి సంగతి వేరేగా మారింది. డ్యూటీ దిగి తలుపు తీస్తే ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంటుంది. చీర కట్టి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడతాను. ఎదురుగా నా కుర్చీ వేసుకుని ఆ రోజు జరిగినవి చెప్తాను. అది బొమ్మని నాకు తెలుసు. మనుషులు నాకు అర్థం కారమ్మా, ఆడవాళ్ళయితే అసలే అర్థం కారు. దీనితో ఆ బాధ లేదు.

నాలుగు నెలల క్రితం మా అక్క విజయనగరం నుంచి చెప్పకుండా వచ్చింది. తన దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. మధ్యాహ్నం వచ్చిందట. వెనకనుంచి చూసి ఎవరో ఆడమనిషనుకుని రెండు మూడుసార్లు పలకరించి, భుజం మీద చెయ్యి వేసి కేక పెట్టిందట. నేను బి షిఫ్ట్ దిగి వచ్చేసరికి రాత్రి పదిన్నర. హాల్లో నేల మీద కూర్చుని ఏడుస్తోంది. ‘ఏట్రా ఇది? నాకెందుకు చెప్పనేదురా?’ అంది. నా నోట మాట రాలేదు. తెచ్చిన క్యారియర్ కూడా వదిలేసి ఆ రాత్రే వెళ్ళిపోయింది. అది ఇంకా నా వంటింట్లోనే ఉంది. తర్వాత బావకి చెప్పింది. బావ ఎవరెవరికి చెప్పాడో గానీ చుట్టాల్లో అందరికీ పాకిపోయింది. ఫ్యామిలీ గ్రూపులో జోకులు. పెదనాన్న మనవడి పెళ్ళికి నన్ను పిలవలేదు. అక్క కేక విన్న కింద ఫ్లాట్ వాళ్ళు చేతబడి అంటున్నారు.

అక్క ఫోన్లు చేస్తోంది, నేనెత్తడం లేదు. ఇదంతా జరక్కముందే నాకొక సంబంధం చూసింది. శ్రీకాకుళం వైపు, భర్త పోయిన ఆవిడ, ఒక పాప. ‘వాళ్ళు ఇంకా అడుగుతున్నారు’ అని మొన్న మెసేజ్ పెట్టింది. నాకు పిచ్చా? బొమ్మని తీసుకెళ్ళి సముద్రంలో పడేయనా? ఆవిడకి ఈ విషయం చెప్పాలా?

— పేరు వద్దు, గాజువాక

సమాధానం:

తమ్ముడూ, మీ మూడు ప్రశ్నల్లో తేలికైనది ముందు తీసుకుంటాను. సముద్రంలో పడేయకండి. యారాడలో వదిలినా భీమిలిలో వదిలినా రెండ్రోజుల్లో ఏ జాలరిపేట ఒడ్డుకో కొట్టుకొస్తుంది. తెల్లారగట్ల వల లాగేవాళ్ళు చూసి శవమనుకుంటారు. పోలీసులొస్తారు, ఫోటోలు తీస్తారు. ఇప్పుడు చుట్టాల దగ్గరే ఉన్న సంగతి అప్పుడు జిల్లా అంతా తెలుస్తుంది.

ఇది నా ఊహ కాదు. 2016లో ఇండోనేషియాలో, సులవేసి పక్కనున్న బంగ్గాయి దీవుల్లో ఒక జాలరికి సరిగ్గా ఇలాంటి బొమ్మే నీళ్ళలో దొరికింది. ఆ మార్చిలో అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం రోజుల్లోనే దొరికింది కాబట్టి ఆకాశం నుంచి దేవకన్య దిగివచ్చిందని ఊళ్ళో నమ్మారు. ఇంటికి తీసుకెళ్ళి, శుభ్రమైన బట్టలు కట్టి, తల మీద ముసుగు కప్పి, కుర్చీలో కూర్చోబెట్టారు. చివరికి పోలీసులు వచ్చి చూసి, అదేమిటో చెప్పి పట్టుకెళ్ళారు. ఆ జాలరి ఇంటివాళ్ళు చేసినదీ మీరు చేస్తున్నదీ చూడ్డానికి ఒక్కటే: బట్టలు కట్టడం, కుర్చీలో కూర్చోబెట్టడం. పోలీసులు నోరు విప్పేదాకా అక్కడెవరికీ సిగ్గనిపించలేదు.

కాల్చే ఆలోచన కూడా వద్దు. ఫ్లాట్లలో ఆ పొగకి ఫైరింజన్ వస్తుంది. ఎవరికైనా అమ్మేద్దామనుకుంటే అది ఇంకో తలనొప్పి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్ అశ్లీల వస్తువుల అమ్మకం గురించి. మీరు సొంతానికి ఇంట్లో ఉంచుకోవడాన్ని అది నేరమనదు, అమ్మజూపితే మాత్రం ఇరుక్కునే ప్రమాదముంది. ప్రస్తుతానికి బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. ఎప్పటిదాకా అన్నది చివర్లో చెప్తాను.

ఇక పిచ్చి సంగతి. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అయినా దీనికి జవాబు నా సొంత తెలివితో చెప్పక్కర్లేదు, చట్టంలోనే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ చదవండి. చుట్టూ ఉన్న సమాజపు నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకు ఒక మనిషి సరిపడలేదన్నది కారణంగా చూపి ఆ మనిషికి మానసిక జబ్బుందని తేల్చకూడదని అందులో రాసి ఉంది. మీ పెదనాన్నగారి ఇంట్లో వాళ్ళకి మీరు నచ్చకపోవడం వ్యాధి లక్షణం కాదన్నమాట.

‘అది బొమ్మని నాకు తెలుసు’ అని మీరే రాశారు. ఆ ఎరుక ఉంది, డ్యూటీకి వెళ్తున్నారు, ఇంత వరసగా ఉత్తరం రాశారు. అయితే కొన్ని చెప్పుకోవాలి. బొమ్మ తిరిగి జవాబిస్తున్నట్టు వినబడినా, దాన్ని వదల్లేక డ్యూటీ ఎగ్గొడుతున్నా, నిద్రా తిండీ వారాల తరబడి పాడైనా, ‘ఎందుకీ బతుకు’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అప్పుడు ఆగకండి. టెలీమానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన ఫోన్ సాయం ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, సి షిఫ్ట్ మధ్యలో అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే మన పెద్దాస్పత్రి కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో మానసిక ఆస్పత్రి ఉంది. ‘వీణ్ణి చినవాల్తేరు పంపాలి’ అనేది మా చిన్నప్పటి తిట్టు. ఆ తిట్టు మూలాన వెళ్ళాల్సినవాళ్ళు ఎంతమంది వెళ్ళకుండా ఉండిపోయారో.

మీ అక్క కేక గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని మీరు అసహ్యం కింద లెక్కేసుకున్నట్టున్నారు. 1970లో మసాహిరో మోరి అనే జపాన్ రోబో శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. బొమ్మ మనిషి పోలికకి దగ్గరవుతున్నకొద్దీ మనకి ముద్దొస్తుంది. కానీ పూర్తిగా మనిషయ్యే ముందు ఒక చోట ఆ ముద్దంతా పోయి ఒళ్ళు జలదరిస్తుంది. చీకట్లో ఎవరికో చెయ్యి కలిపితే అది చల్లగా, కట్టుడు చెయ్యి అని తెలిసినప్పటి భయం లాంటిది. మీ అక్క మిట్టమధ్యాహ్నం, తమ్ముడొక్కడే ఉంటాడనుకున్న ఇంట్లో, చీర కట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూసింది. ‘ఎవరమ్మా’ అంది. పలకలేదు. భుజం ముట్టుకుంటే చల్లగా ఉంది. నేనైతే కేక పెట్టడంతో ఆగేదాన్ని కాదు, రెండు మెట్లకొకటి దాటుతూ రోడ్డు మీదకి పరిగెత్తేదాన్ని.

చుట్టాల నవ్వుల విషయానికొద్దాం. మన ఇళ్ళలో బొమ్మలకేం తక్కువ? సంక్రాంతికి కొలువు పెడతాం, పేరంటానికి పిలుస్తాం. ఏటికొప్పాక లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండి బొమ్మలకి పెట్టి పెరిగాం. బొమ్మల పెళ్ళిళ్ళు చేశాం, మగపెళ్ళివాళ్ళమని బెట్టు కూడా చేశాం. 2020 ఆగస్టులో కర్ణాటకలోని కొప్పళలో ఒక వ్యాపారి, ప్రమాదంలో పోయిన భార్య రూపాన్ని సిలికాన్‌తో చేయించి, పట్టుచీర కట్టి, గృహప్రవేశం రోజు సోఫాలో కూర్చోబెట్టాడు. ఆ ఫోటోలు దేశమంతా తిరిగాయి. కోవిడ్‌తో భార్య పోయిన కోల్‌కతా పెద్దాయన ఒకాయన రెండున్నర లక్షలు పెట్టి అలాంటిదే చేయించుకున్నారు. అప్పుడు మీ ఫ్యామిలీ గ్రూపులాంటి గ్రూపుల్లో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, ‘ప్రేమంటే ఇదీ’ అన్నారు.

అదీ సిలికానే, మీదీ సిలికానే. ఆ బొమ్మల వెనక ఒక పెళ్ళుంది, ఒక చావుంది. చావుకి మనవాళ్ళ దగ్గర పద్ధతులున్నాయి: పరామర్శ ఉంది, పదో రోజు ఉంది, ఏడాది తిరిగితే తద్దినం ఉంది. విడాకులు తీసుకుని తొమ్మిదేళ్ళుగా ఒక్కడే వండుకుతింటున్న మగవాణ్ణి ఎవరు పరామర్శిస్తారు? ఏ రోజున వెళ్తారు? ఆ తిథి ఏ పంచాంగంలోనూ లేదు. పైగా మీ అమ్మగారు పోయింది 2021లో. ఆ ఏడాది పోయినవాళ్ళకి మోసే నలుగురే దొరకలేదు, పరామర్శలు ఫోన్లోనే అయిపోయాయి. ఇప్పుడు గ్రూపులో జోకులేస్తున్నవాళ్ళలో ఆ తర్వాతైనా మీ గుమ్మం ఎక్కినవాళ్ళు ఎందరో మీకే తెలియాలి.

నిజం దాచకుండా చెప్పుకోవాలి కూడా. ఆ నవ్వులో సగం పడగ్గది గురించి. ఈ తరహా బొమ్మలకి పేరు తెచ్చింది 1990ల్లో కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో మొదలైన ఒక వర్క్‌షాపు. అక్కడి శిల్పి మ్యాట్ మెక్‌ముల్లెన్ మనిషంత బొమ్మ చేసి ఫోటోలు ఇంటర్నెట్‌లో పెడితే, చూసినవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న మీ బావ అడిగిన ప్రశ్నే అయ్యుంటుంది. కొనేవాళ్ళు దేనికి కొంటారో లోకానికి తెలుసు. కొన్నాక వాళ్ళలో కొందరు దాని పక్కన కూర్చుని కాఫీ తాగుతారని, పండక్కి బట్టలు కొంటారని లోకానికి తెలియదు, చెప్పినా నమ్మదు. నవ్వేవాళ్ళు ఆడవాళ్ళని కూడా వదలరనుకోండి. అచ్చం పసిపిల్లల్లా ఉండే వినైల్ బొమ్మలుంటాయి. పొరలు పొరలుగా రంగు వేసి, ఒక్కొక్క వెంట్రుకా నాటి, ఎత్తుకుంటే బిడ్డ బరువు తెలిసేలా చేస్తారు. ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ తన దగ్గర అలాంటిదుందని ఆమధ్య రాశారు. ఆవిడకి తగిలించిన పేరు ‘గొడ్రాలి పిచ్చి’. మీకు తగిలించింది ‘కామపిశాచి’. రెండిళ్ళలోనూ తలుపు తీస్తే కనబడేది ఒక మనిషీ, ఒక కుర్చీ.

ఒంటరితనం చిన్న సంగతి కాదని ఇప్పుడు ప్రభుత్వాలే ఒప్పుకుంటున్నాయి. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం మంత్రుల్నే పెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 పైచిలుకు. మన విశాఖలో దీని ఎదురు రూపం నేనొకసారి చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక మా సీతమ్మధారలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పదేళ్ళుగా ఎదురింట్లో ఉన్నావిడ పేరు నాకు అప్పుడే తెలిసింది. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెల వరసలో తెలిసింది. రాత్రిళ్ళు అందరం మెట్ల మీదే. కరెంటు వచ్చిన రోజు అందరూ ఆనందంగా ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. ఆవిడతో ఆ తర్వాత నేను పట్టుమని పదిసార్లు మాట్లాడి ఉండను, తప్పు నాది కూడా.

బొమ్మ ఓదార్పునివ్వదని నేననను. ఇస్తుంది. 1958లో హ్యారీ హార్లో అనే అమెరికా శాస్త్రవేత్త తల్లిలేని కోతిపిల్లలకి రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు, ఒకటి పాలసీసా ఉన్న తీగల తల్లి, ఇంకోటి పాలు లేని గుడ్డ తల్లి. పిల్లలు తీగల తల్లి దగ్గర పాలు తాగి, వెంటనే వచ్చి గుడ్డ తల్లిని కరుచుకునేవి. భయమేస్తే దాని దగ్గరికే పరుగు. ఇక్కడిదాకా చాలామంది చెప్తారు. తర్వాతది తక్కువమంది చెప్తారు. గుడ్డ తల్లి దగ్గరే పెరిగిన పిల్లలు పెద్దయ్యాక మిగతా కోతుల్లో కలవలేకపోయాయి. తోటి పిల్లలతో రోజూ కాసేపు ఆడుకోనిచ్చినవి మాత్రం చాలావరకు మామూలుగానే పెరిగాయి. కొరుక్కోవడం, గిల్లుకోవడం, అలగడం అక్కడే నేర్చుకున్నాయి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం దగ్గరికి వస్తాను. ‘ఆడవాళ్ళయితే అసలే అర్థం కారు. దీనితో ఆ బాధ లేదు.’

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి బొమ్మలున్న మగవాళ్ళనీ లేనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. లోకం అనుకునేట్టు బొమ్మలున్నవాళ్ళలో లైంగిక హింస వైపు మొగ్గు ఎక్కువ కనబడలేదు, తక్కువే కనబడింది. ఇది మీ బావగారికి చదివి వినిపించవచ్చు. కానీ ఇంకొకటి కూడా కనబడింది, అది మీకు. ‘ఆడవాళ్ళు అంతుపట్టరు’ అన్న నమ్మకం బొమ్మలున్నవాళ్ళలో ఎక్కువ. మీరు ఆ పరిశోధన చదవకుండానే అదే మాట రాశారు.

కాలేజీలో ఉత్తరరామ కథ చెప్పినప్పుడల్లా ఒక చోట ఆగేదాన్ని. అశ్వమేధానికి పక్కన భార్య ఉండాలి. సీతని రాముడే లక్ష్మణుడితో పంపి అడవిలో వదిలించాడు. అందుకని బంగారంతో సీత బొమ్మ చేయించి పక్కన పెట్టుకుని యజ్ఞం చేశాడు. ఋషులొచ్చారు, రాజులొచ్చారు, కిష్కింధ నుంచి లంక నుంచి చుట్టాలొచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘మేడమ్, బంగారు సీతకి కోపం వస్తుందా?’ అంది. క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వలేకపోయాను. అదే యజ్ఞానికి వాల్మీకి వెంట అసలు సీత వచ్చింది. మళ్ళీ శపథం చెయ్యమంటే చేసింది, ఆ శపథంతో భూమిలోకే వెళ్ళిపోయింది. కోపమో, అలుపో, ఇక చాలన్న నిర్ణయమో, ఏదైనా అది సీతది. బంగారు బొమ్మ యజ్ఞం పూర్తయ్యేదాకా కూర్చోబెట్టిన చోటే కూర్చుంది.

మీ పెళ్ళి గురించి మీరు రాసింది ఒకే ఒక్క మాట, ‘విడిపోయాం’. ఎందుకో లేదు, ఆమె ఏమందో లేదు. తొమ్మిదేళ్ళలో ఆ అమ్మాయి చెప్పిన ఒక్క వాక్యం కూడా మీకు గుర్తు రాలేదా, గుర్తొచ్చి రాయలేదా? మీ ఉత్తరం మొత్తంలో నోరు తెరిచి మాట్లాడిన ఆడమనిషి మీ అక్క ఒక్కతే. ఆమె కూడా రెండే వాక్యాలు అంది. వాటినైనా మీరు సరిగ్గా విన్నట్టు లేదు.

‘ఏట్రా ఇది’ అన్నది బొమ్మ గురించే, ఒప్పుకుంటాను. రెండోది? ఏ అక్క అయినా తమ్ముడు ఇలాంటి బొమ్మ కొన్నాడని తనకి చెప్పాలనుకుంటుందా? దేవుడా, తెలియకుండా ఉంటే బాగుండుననుకుంటుంది. ఆవిడ మధ్యాహ్నం వచ్చింది. మీరొచ్చింది రాత్రి పదిన్నరకి. భయపడి కేక పెట్టిన మనిషి, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పోతే విజయనగరం బస్సు దొరికే ఊళ్ళో, అన్ని గంటలు ఆ బొమ్మతో పాటు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అసహ్యమేసిన మనిషి అలా కూర్చోదు. అన్ని గంటల్లో చీర కుచ్చిళ్ళు ఎంత పొందికగా పెట్టారో చూసి ఉంటుంది. ఎదురుగా వేసిన మీ కుర్చీ చూసి ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చుని తమ్ముడు రోజూ ఏం చేస్తున్నాడో అర్థమైపోయి ఉంటుంది. ‘నాకెందుకు చెప్పనేదురా’ అన్నది, ఇంత ఒంటరిగా ఉన్నావని నాకెందుకు చెప్పలేదని. మీరు మాట్లాడలేదు. అందుకే ఆ రాత్రప్పుడు లేచి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు అర్థం కారంటారు. ఇందులో అర్థం కానిదేముంది తమ్ముడూ?

బావకి చెప్పడం ఆవిడ చేసిన పొరపాటే. కానీ అంత బరువు ఒక్కతే మోయలేక చెప్పి ఉంటుంది. దాన్ని ఊరంతా పంచిపెట్టినది ఆయన. బావగారు ఈ పేజీ చదువుతుంటే ఒక మాట: భార్య ఏడుస్తూ చెప్పినదాన్ని గ్రూపులో జోకు చేసిన మనిషి, బొమ్మతో మాట్లాడే మనిషిని చూసి నవ్వే అర్హత ఎక్కడ తెచ్చుకున్నాడు?

ఇంకో సంగతి గమనించారా? అంతా చూశాక కూడా మీ అక్క ఆ సంబంధం వదిలేయలేదు. ‘ఇంకా అడుగుతున్నారు’ అని మెసేజ్ పెట్టింది. మిమ్మల్ని పనికిరానివాడి కింద జమకట్టి ఉంటే ఆ మెసేజ్ వచ్చేది కాదు.

శ్రీకాకుళం ఆవిడకి చెప్పాలా అన్నారు. చెప్పాలి. పెళ్ళిచూపుల రోజు పెద్దవాళ్ళ ముందు కాదు. రెండు మూడుసార్లు కలిసి, ఇద్దరికీ మాట్లాడుకోవడం బాగుందనిపించి, ముహూర్తాల మాట రాకముందు చెప్పండి. ‘చాలా ఏళ్ళు ఒక్కణ్ణే ఉన్నాను, ఇలాంటి బొమ్మ ఒకటి కొన్నాను, దానితో మాట్లాడేవాణ్ణి’ అంటే చాలు. వివరాలు ఆవిడ అడిగితే అడిగినంతవరకే. లేచి వెళ్ళిపోవచ్చు, ఆ హక్కు ఆవిడకుంది. మీ చుట్టాల్లో ఇంతమందికి తెలిసిన విషయం పెళ్ళయిన నెలకి ఏ పేరంటంలోనో ఆవిడ చెవిన పడటం కన్నా అది నయం. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆ పాప మీ గుమ్మంలో అడుగు పెట్టే రోజుకి బొమ్మ ఆ ఇంట్లో ఉండకూడదు, అటక మీద కూడా. బొమ్మ కుర్చీ ఖాళీ అయింది కాబట్టి అందులో ఈవిడని కూర్చోబెడదామనుకుంటే మాత్రం ఆ పెళ్ళి వద్దు. ఆవిడకి జ్వరం వస్తుంది, స్కూలు ఫీజు అడుగుతుంది, పోయిన భర్తని తలుచుకుని ఒక సాయంత్రం మీతో మాట్లాడదు. అదంతా పడగలరో లేదో మీరే చూసుకోవాలి. పడలేననిపిస్తే అక్కతో ‘వద్దు’ అని చెప్పి ఇలాగే ఉండండి. బొమ్మతో ఉండిపోవడం నేరం కాదు. మీరు ఉండగలిగితే నాకేమీ అభ్యంతరం లేదు, కానీ ఉండగలిగే మనిషి నాకు ఉత్తరం రాయడు.

ఈలోగా రోజూ చేయగలిగింది ఒకటి. బొమ్మకి చెప్పే కబుర్లలో ఏదో ఒకటి ముందుగా ఒక మనిషికి చెప్పండి. పెద్ద విషయాలు కాదు. కన్వేయర్ బెల్టు మళ్ళీ తెగింది, క్యాంటీన్లో ఉప్మా మాడింది, అంతటివి. సి షిఫ్ట్ దిగి టీ కొట్టు దగ్గర నిలబడతారు కదా, అక్కడ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే తీసి జేబులో పెట్టుకోండి. టీ కొట్టతను మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, చిల్లర సరిగ్గా ఇస్తే చాలు. మిగిలిన కబుర్లు ఇంటికొచ్చి బొమ్మకే చెప్పుకోండి, నేను వద్దనను.

ఆఖరికి ఆ క్యారియర్. నాలుగు నెలలుగా వంటింట్లో ఉందన్నారు. కడిగారో లేదో రాయలేదు. కడక్కపోతే ముందు ఆ పని చూడండి, ఒకటికి రెండుసార్లు సబ్బు పెట్టాల్సి వస్తుంది. మన వైపు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కాబట్టి మాడుగుల హల్వా తీసుకుని ఒక గిన్నెలో పెట్టండి. వీక్లీ ఆఫ్ రోజున కాంప్లెక్స్‌కి వచ్చి విజయనగరం నాన్‌స్టాప్ ఎక్కితే గంటన్నర ప్రయాణం. ముందు రోజు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళడం మీ ఇంటి అలవాటులా ఉంది, ఎవరో ఒకరు మానాలి. బావ ఇంట్లో లేని పూట అయితే మేలు. బొమ్మని ఏం చెయ్యాలన్నది అక్కతో మాట్లాడి వచ్చాక మీరే తేల్చుకోండి. అప్పటిదాకా దాని జోలికి వెళ్ళకండి.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఆ క్యారియర్‌లో ఏదో ఒకటి పెట్టకుండా పంపదు. ఆవకాయ అయితే మూత గట్టిగా బిగించమనండి, బస్సులో నూనె కారుతుంది.